అడిగిన వాళ్ళందరికీ చెప్పిన మాట

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ ల్యాబులో ఆమెను అందరూ మైనమక్క అనేవారు. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి, దాని మీద మైనంతో పన్ను ఆకారం తీర్చడం ఆమె పని. సన్నటి చాకుని చిన్న మంట మీద వెచ్చచేసి, రెండు చుక్కల మైనం వేసి, గోరంత చోటులో పంటి నునుపూ గాడీ వాలూ తీసుకొచ్చేది. ముందు పన్ను కాస్త వంకరగా ఉండే మనిషికి ఆ వంకర కూడా పెట్టేది. "అద్దంలో చూసుకుంటే తన మొహం తనకి కనపడాలి కదా! ఎవరి నోరో తెచ్చి తగిలించినట్టుంటే ఏం బాగుంటుంది?" అనేది. పదకొండేళ్ళు చేసింది. సరిపోలేదని వెనక్కొచ్చిన పళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ల్యాబులోనే సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరుకి నవ్వుల సారు అని పేరు. సెలవు ఇచ్చినా నవ్వేవాడు, కాదన్నా నవ్వేవాడు. హాలు చివర గాజు గదిలో కూర్చునేవాడు. మేజా మీద ఒక్క కాగితం వంకరగా ఉండనిచ్చేవాడు కాదు.

మూడేళ్ళ కిందట మైనమక్కకి అయిదో నెలలో కడుపు పోయింది. ఒంటికి తగిలిన దెబ్బ నెలలో మానింది కానీ మనసు మానలేదు. నిద్ర పోయింది. పని మధ్యలో ఊరికే కళ్ళు కారేవి. ఒకనాడు చాకుని మంట మీద పెట్టి అలాగే చూస్తూ ఉండిపోయింది. వేళ్ళు కాలిన వాసన పక్క బల్ల వాళ్ళకి వచ్చిందిగానీ ఆమెకి తెలియలేదు. భర్త భయపడి మానసిక వైద్యశాలకి తీసుకెళ్ళాడు. ఇరవై నాలుగు రోజులు అక్కడే ఉండి, కోలుకుని వచ్చింది. ఈ సంగతి భర్తకీ ఆడపడుచుకీ తప్ప ఎవరికీ తెలియదు. అత్తగారికి మాత్రం, కొత్త రకం పళ్ళు చేయడం నేర్చుకోవడానికి వేరే ఊళ్ళో శిక్షణకి వెళ్ళిందని చెప్పారు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నోట్లో నాలుక లేని మనిషి. జీవితంలో ఆయన ఆడిన పెద్ద అబద్ధం అదే.

పనిలోకి తిరిగి వచ్చిన రోజున డాక్టరిచ్చిన చీటీ తీసుకెళ్ళి నవ్వుల సారు ముందు పెట్టింది. చికిత్స పూర్తయింది, పని చేయవచ్చు అని రెండే ముక్కలున్నాయి అందులో.

"ఇది చాలదమ్మా" అన్నాడు నవ్వుతూ. "ఏ జబ్బో, ఏం మందులో, ఆసుపత్రి కాగితాలన్నీ కావాలి."

"పనికి పనికొస్తానని డాక్టరుగారు రాశారు కదండీ?"

"రూలమ్మా. నా చేతిలో ఏముంది? ఎవరు చూస్తారు చెప్పు! నేనూ, నా బీరువా. అంతే."

ఇచ్చేసింది. ఆ రూలు ఎక్కడ రాసి ఉందో అడగాలని ఆమెకి అప్పుడు తోచలేదు.

ఏడాది తిరక్కుండా ల్యాబులోకి కంప్యూటరు యంత్రాలు వచ్చాయి. ముగ్గురిని తగ్గించాలన్నారు. ఆ ముగ్గురిలో మొదటి పేరు ఆమెదే. ఉత్తరం చేతికిస్తూ నవ్వుల సారు, "నీ చేతికి పని దొరక్కపోవడమేమిటమ్మా, ఎక్కడికెళ్ళినా కళ్ళకద్దుకుంటారు" అన్నాడు. ఆమె అదే నిజమనుకుని దణ్ణం పెట్టి మరీ వచ్చేసింది.

చేతి మాట నిజమే. మొదట వెళ్ళిన ల్యాబులో ఒక దవడ పన్ను చేసి చూపించమన్నారు. చేసింది. వాళ్ళ పెద్ద మేస్త్రి దాన్ని వెలుతురుకి తిప్పి తిప్పి చూసి, సోమవారం నుంచి రమ్మన్నాడు. శనివారం ఫోను: "ఆ ఖాళీ ప్రస్తుతానికి వాయిదా పడిందమ్మా." రెండోచోటా అంతే. మెచ్చుకున్నారు, రమ్మన్నారు, నాలుగు రోజులకి వద్దన్నారు. తన జాతకం ఇంతేననుకుంది.

మూడోచోట కోటు వేసుకున్న ఒక మేనేజరు కూర్చోబెట్టి అడిగాడు.

"పిల్లలు?"

"లేరండీ."

"ఎందుకని?"

మైనమక్క ఒళ్ళోని సంచీ సర్దుకుంది.

"ముందు ముందు ఉండొచ్చా? అంటే, మాకు మనిషి మధ్యలో మానేస్తే ఇబ్బంది కదా. మందులేమైనా వాడుతున్నారా? నరాలకి సంబంధించినవి?"

నరాల మాట అడిగేటప్పుడు అతను ఆమె మొహంలోకి చూడలేదు. ఎదురుగా ఉన్న దరఖాస్తు అంచున పెన్సిలుతో రాసుకున్న ఏదో ముక్కలోకి చూశాడు. ఆమె అది గమనించింది. ఇంటికొచ్చి మొగుడితో చెబితే, "ఊరికే అందరినీ అడుగుతారేమో లే" అన్నాడు. ఆ ఉద్యోగమూ రాలేదు.

నాలుగోది, తెల్లజుట్టు పళ్ళ డాక్టరమ్మగారి సొంత ఆసుపత్రి. వెనకగదిలో చిన్న ల్యాబు. డాక్టరమ్మగారు పని చూసి, మూడో రోజున ఆమెనే పిలిపించి, తలుపు వేసి, కుర్చీ చూపించింది.

"అబద్ధం చెప్పి పంపడం నాకు చేతకాదమ్మా. మీ పాత ఆఫీసుకి ఫోను చేశాను. పని ఎలా చేసేదని అడిగాను. బంగారం లాంటి చెయ్యి అన్నాడు. ఇంకేమైనా ఉందా అన్నాను. అలా అడక్కుండా ఉండాల్సింది. అడిగాను. నువ్వు మతి చెడి ఆసుపత్రిలో ఉన్నావనీ, పదునైన వస్తువులు చేతికివ్వడం మంచిది కాదనీ చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు."

"మీరు నమ్మారా అమ్మా?"

"నమ్మానో లేదో కాదు. వచ్చేవాళ్ళు నోరు తెరుచుకుని కూర్చునే చోటు నాది. భయపడ్డాను" అంది డాక్టరమ్మగారు, కళ్ళు దించుకుని.

ఆ రోజు మైనమక్క బస్సెక్కలేదు. ఇంటిదాకా నడిచింది. దారిలో ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. దానికి బదులు అరికాలి నుంచి మాడు దాకా మంట లేచింది. మూడుచోట్ల పోగొట్టుకున్న ఉద్యోగాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఉత్తరం అందుకుంటూ తను పెట్టిన దణ్ణం గుర్తొచ్చింది. ఆ దణ్ణం గుర్తొచ్చినప్పుడే పళ్ళు పటపటమన్నాయి. 'వీణ్ణి ఊరికే వదిలితే నేను మనిషినే కాదు' అనుకుంది.

ఆడపడుచు ఆమె మొగుడికి అక్క. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఊరందరికీ ఆ గొంతు తెలుసు, మనిషి తెలియదు. సంగతంతా విని, "ఫోను ఇటివ్వు మరదలా, ఆ నవ్వేంటో నేనూ వింటాను" అంది.

"నీ గొంతు గుర్తుపడతాడేమో వదినా?"

"గుర్తుపడితే ప్లాట్‌ఫారం నంబరు చెప్పి పెట్టేస్తాలే."

గొంతు మార్చి, పళ్ళ ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానంది. ఫోను స్పీకర్లో పెట్టి, ఇంకో ఫోనులో రికార్డు చేశారు. అవతలి నుంచి ఆ గొంతు తీయగా వచ్చింది. "పనిమంతురాలేనండీ, అందులో సందేహం లేదు. కానీ మీ మేలు కోరి చెబుతున్నాను, మీలో ఉంచుకోండి..." అని మొదలుపెట్టి, ఇరవై నాలుగు రోజులూ చెప్పాడు, మందుల పేర్లు చెప్పాడు, కాలిన వేళ్ళు చెప్పాడు. పోయిన కడుపు కూడా చెప్పాడు. చివర్లో చిన్నగా నవ్వాడు.

ఫోను పెట్టేశాక ఆడపడుచు రికార్డు చేసిన ఫోనుని కొంగులో చుట్టి దాచింది.

మర్నాడు ఇద్దరూ కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి అధికారిణి రికార్డు విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఉద్యోగానికొచ్చిన మనిషిని పనికి సంబంధం లేని జబ్బు గురించి అడగకూడదు. పాత యజమాని ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేసింది, ఏం పని చేసింది, అంతవరకే చెప్పాలి. వీడు చేసింది తప్పే. కానీ అమ్మా, ఇది మీరు వల వేసి పట్టిన మాట. వాళ్ళ లాయరు దీన్ని చీల్చి చెండాడతాడు. నిజంగా ఉద్యోగం ఇవ్వబోయి ఫోను చేసిన మనిషి ఒకరు వచ్చి చెబితే నాకు చేతినిండా ఆధారం దొరుకుతుంది."

మైనమక్క సరాసరి డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మగారు భయపడింది. "నేను అడిగింది కూడా తప్పే కదమ్మా. వచ్చి చెబితే నా మీదా కాగితం పడుతుంది. ముప్పై ఏళ్ళుగా మాట పడకుండా నెట్టుకొచ్చాను. నీకు మంచి చేద్దామని చెప్పిన పాపానికి..."

"మీరు రాకపోతే ఫిర్యాదులో మీ పేరు కూడా రాస్తాను" అంది మైనమక్క.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే అనిపించింది. నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి ఈవిడ. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. డాక్టరమ్మగారు ఆమె వంక చాలాసేపు చూసి, "తేదీ చెప్పు" అంది.

ల్యాబుకి నోటీసు వెళ్ళిన వారానికి, ఆదివారం పొద్దున, యజమానిని వెంటబెట్టుకుని నవ్వుల సారు ఇంటికే వచ్చాడు. మైనమక్క వరండాలో బట్టలు ఆరేస్తోంది. అత్తగారు వాళ్ళను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కోడలి పాత ఆఫీసు వాళ్ళని మర్యాద చేసింది పాపం, ఏం తెలుసు ఆవిడకి!

యజమాని దగ్గి, గొంతు సవరించుకుని, "మళ్ళీ మన ల్యాబుకే వచ్చెయ్యమ్మా. పాత బల్ల, పాత జీతం. మంచి ఉత్తరం కూడా రాసిస్తాను. ఆ ఫిర్యాదు ఒక్కటీ వెనక్కి తీసుకో" అన్నాడు.

"ఈయన అక్కడే ఉంటారా?" అంది మైనమక్క, నవ్వుల సారు వంక చూడకుండా.

"నా మీద కోపం పెట్టుకోకమ్మా" అన్నాడు నవ్వుల సారు. తరవాత అత్తగారి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి పెద్దమ్మగారూ. మెంటల్ ఆసుపత్రిలో ఉన్న ఆ ఇరవై నాలుగు రోజులూ ఉద్యోగం తీసెయ్యకుండా కాపాడింది నేనే. ఇంకొకరైతే..."

వరండాలో తడిబట్ట పట్టుకుని మైనమక్క కొయ్యబారిపోయింది. భర్త వంటింటి గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు.

అత్తగారు లేచింది. నవ్వుల సారు చేతిలో ఇంకా సగం టీ ఉంది. ఆవిడ వంగి, ఆ కప్పు అతని చేతిలోంచి తీసేసుకుంది.

"ఇక వెళ్ళండి" అంది.

"అది కాదు పెద్దమ్మగారూ, నేనేమన్నానని..."

"నాకు తెలియని నా ఇంటి సంగతి నీకెవరు చెప్పమన్నారయ్యా? లే."

వాళ్ళు వెళ్ళిపోయాక ఆవిడ కప్పు తొట్లో పడేసి, అటు తిరిగే నిలబడింది. "శిక్షణకన్నారు. అక్కడ చలిగా ఉంటుందని నా దుప్పటి మడతపెట్టి పంపాను. రోజూ ఆ శిక్షణ గురించి ఇరుగుపొరుగుతో గొప్పలు చెప్పుకున్నాను."

"అత్తయ్యా, మీరేమనుకుంటారోనని..."

"ఏమనుకునేదాన్నో నాకూ తెలియదు. ఆ రోజుల్లో తెలిస్తే నోటికొచ్చినట్టు అనేదాన్నేమో కూడా. అది మనింట్లో మనం తేల్చుకోవలసిన గొడవ. వాడెవడు మధ్యలో?" ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది. "వాణ్ణి వదలకు."

విచారణకి అధికారిణి రెండు దారులు చూపించింది. తలుపులు వేసుకుని నలుగురి మధ్య చేయొచ్చు. లేదా పెద్ద హాల్లో, ఎవరైనా వచ్చి కూర్చునేలా చేయొచ్చు. తలుపులు వేస్తే మీ ఆరోగ్యం సంగతి బయటికి పొక్కదని చెప్పింది. లోపల తేల్చుకుంటే చాలు కదా అని భర్త కూడా బతిమాలాడు.

"అందరికీ చాటుగా చెప్పాడు. అందరి ముందూ ఒప్పుకోవాలి. నా సంగతి తెలిస్తే తెలియనీ. దాన్ని నా నోటితో నేనే చెబుతాను" అంది మైనమక్క.

విచారణ రోజున పాత ల్యాబు నుంచి ఎనిమిది మంది సెలవు పెట్టి వచ్చారు. అత్తగారూ ఆడపడుచూ ముందు వరసలో కూర్చున్నారు. నవ్వుల సారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి, అందరినీ పేరుపేరునా పలకరించి కూర్చున్నాడు. మైనమక్క లేచి, తన కడుపు పోయిన సంగతీ, మనసు చెదిరిన సంగతీ, ఆసుపత్రీ, మందులూ, అన్నీ చెప్పింది. తరవాత డాక్టరమ్మగారు లేచి, తాను ఏం అడిగిందో, అవతలి నుంచి ఏం విన్నదో, ఒక్క మాట దాచకుండా చెప్పింది. మైనమక్క వైపు చూడకుండానే చెప్పి కూర్చుంది.

"జాలితో చెప్పానండీ. అదీ ఏదో ఒక్కసారి, నోరు జారి" అన్నాడు నవ్వుల సారు.

"మీ ఆఫీసుకొచ్చిన ఫోన్లన్నీ రాసుకునే పుస్తకం ఉంటుందట కదా?" అంది అధికారిణి. దాన్ని ఆమె ముందురోజే తెప్పించి పెట్టుకుంది. పక్క బల్ల మీద నీలం అట్ట పుస్తకం కనపడగానే నవ్వుల సారు మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు మాత్రం యజమాని వైపు పరిగెత్తాయి.

ముత్యాల్లాంటి దస్తూరీతో తేదీ, వేళ, ఎవరు ఫోను చేశారు, ఎవరి గురించి, అన్నీ రాసుకున్నాడు. మైనమక్క పేరుకి ఎదురుగా అయిదుచోట్ల 'విషయం చెప్పాను' అని ఉంది. అయిదోది ఆడపడుచు చేసిన ఫోను. అంత పద్ధతైన మనిషి.

"ఒక్కసారి కాదు కదా" అంది అధికారిణి. పుటలు తిప్పుతూ ఆగింది. "ఈమె ఒక్కర్తే కాదు కూడా. ఇంకా ఆరుగురి పేర్లకి ఎదురుగా ఇదే మాట ఉంది."

వెనక వరసల్లో కలకలం రేగింది. పాలిష్ బల్ల దగ్గర పనిచేసి మానేసిన ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయనకి ఏడాదిన్నరగా ఎక్కడా ఉద్యోగం దొరకలేదని అందరికీ తెలుసు.

"చదవండమ్మా!" అని అరిచింది మైనమక్క. "ఎవరి గురించి ఏం చెప్పాడో అన్నీ చదవండి. అందరూ విననీ!"

అధికారిణి పుస్తకం మూసేసింది. "చదవను. అది వాళ్ళ గుట్టు. నీది నువ్వు విప్పుకున్నావు, వాళ్ళది విప్పడానికి నువ్వెవరు, నేనెవరిని? ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెబుతాను."

మైనమక్క చెంప మీద కొట్టినట్టయి కూర్చుండిపోయింది. కోపంలో తను ఏం అడిగిందో అప్పుడు తెలిసింది.

అధికారిణి నవ్వుల సారు వైపు తిరిగింది. "ఈవిడ గురించి మీరు చెప్పింది మాత్రం ఈవిడ వినాలంటోంది. ఫోనులో ఏమన్నారో అదే చెప్పండి."

అతను లేచాడు. "ఈవిడకి... మతి..." అన్నాడు. ఎదురుగా ఎనిమిది మంది ల్యాబు పనివాళ్ళు, అత్తగారు, ఆడపడుచు, నిలబడే ఉన్న పాలిష్ బల్ల ఆయన. మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. అన్నేళ్ళలో మొదటిసారి అతని మొహం మీద నవ్వు లేకుండా చూశారు అందరూ. నవ్వు లేని ఆ మొహం ఎవరిదో తెలియని మొహంలా ఉంది. మైనమక్క కళ్ళార్పకుండా చూసింది. ఒక్క గీత కూడా వదలకుండా, అచ్చు తీసుకున్నట్టు చూసింది.

నెల తిరిగేలోగా తీర్పు వచ్చింది. ల్యాబుకి జరిమానా పడింది. ఆసుపత్రి కాగితాలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యమన్నారు. నవ్వుల సారుని యజమాని ఆ వారమే పంపించేశాడు. పాలిష్ బల్ల ఆయనకీ, ఆ పుస్తకంలో పేరున్న ఇంకో ఇద్దరికీ పనులు దొరికాయి. డాక్టరమ్మగారికి అడగకూడనిది అడిగినందుకు హెచ్చరిక కాగితం వచ్చింది.

మైనమక్క క్షమాపణ చెప్పడానికి వెళ్ళింది. డాక్టరమ్మగారు పనిలో ఉండి, చేతి తొడుగులు తీయకుండానే బయటికొచ్చింది.

"నా తప్పుకి నాకు పడింది. అందులో నీ మీద కోపం లేదు. కానీ ఆ రోజు బెదిరించావు చూడు, అది మరిచిపోలేకుండా ఉన్నాను. నీ చెయ్యి నాకు కావాలి. నువ్వు మాత్రం వద్దమ్మా" అంది.

మైనమక్క తల వంచుకుని వచ్చేసింది. అది న్యాయమేనని ఆమెకు తెలుసు.

తరవాత పెద్దాసుపత్రి పళ్ళ విభాగంలో ఉద్యోగం దొరికింది. దరఖాస్తులో చేసిన పనీ, చేసిన ఏళ్ళూ తప్ప ఏమీ అడగలేదు. కొత్త బల్ల కిటికీ పక్కన. మొదటి వారంలోనే ఒక ముసలాయనకి కింది వరస చేసిచ్చింది. ఆయన అక్కడికక్కడే ఈల వేసి చూసుకుని మురిసిపోయాడు.

ఇంటి నుంచి ఆ ఆసుపత్రికి తిన్నగా వెళ్ళే బస్సుంది. ఆమె అది ఎక్కదు. పాత ల్యాబు ముందు నుంచి చుట్టు తిరిగి వెళ్ళే బస్సెక్కి, పావుగంట ముందే బయల్దేరుతుంది. ల్యాబు దగ్గర సిగ్నలు పడుతుంది. కిటికీలోంచి హాలు చివర గాజు గది కనపడుతుంది. అందులో ఇప్పుడెవరో కుర్రది కూర్చుంటోంది, మేజా మీద కాగితాలన్నీ చిందరవందరగా.

బస్సుల సంగతి ఆడపడుచుకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు అడిగేసింది.

"ఇంకా ఎన్నాళ్ళు మరదలా, ఆ చుట్టు బస్సు?"

"తనివి తీరేదాకా వదినా."

"ఆరు నెలలైంది. తీరలేదా?"

మైనమక్క నిజంగానే ఆలోచించింది. మనసులో తడిమి చూసుకుంది.

"లేదు వదినా" అంది. "రోజూ చూస్తాను. రోజూ బాగానే ఉంటోంది."